మైదానంలో పంచపాండవులు

భారతంలోని పాండవులు ఒకే ఇంటి బిడ్డలు. కలకత్తా మైదానంలో 1949 నుంచి 1953 వరకు అదే పేరుతో పిలువబడిన ఐదుగురు మాత్రం ఒక ఇంటివారు కారు, ఒక భాషవారూ కారు. వెంకటేశ్, అప్పారావు, ధనరాజ్, అహ్మద్ ఖాన్, సాలే: ఈస్ట్ బెంగాల్ క్లబ్బు ఫుట్‌బాల్ జట్టులో ముందువరుస ఆటగాళ్లు వీరు. ఐదుగురూ దక్షిణాదివారు. బెంగాలీ ఒక్కడూ లేడు. తూర్పు బెంగాలు పేరును నుదుట ధరించిన జట్టుకు దాని చరిత్రలోకెల్లా ఉజ్జ్వలమైన సంవత్సరాలను సంపాదించి పెట్టినవారు, ఆ గడ్డతో ఏ బాంధవ్యమూ లేనివారు కావడం ఆశ్చర్యమే.

ఆ క్లబ్బు పుట్టుకలోనే ఒక పరాభవం ఉన్నది. 1920 జూలై 28న జోరాబగాన్ జట్టు మోహన్ బగాన్‌తో తలపడినప్పుడు శైలేశ్ బోస్ అనే ఆటగాణ్ణి పక్కన పెట్టారు. తూర్పు బెంగాలువాడు కాబట్టే పెట్టారని ఆక్షేపించి, ఆ సంఘపు ఉపాధ్యక్షుడు సురేశ్ చంద్ర చౌధురి రాజీనామా చేశాడు. ఆగస్టు 1న కొత్త క్లబ్బు వెలసింది. తూర్పువారిని ‘బాంగాల్’ అనీ, పడమటివారిని ‘ఘోటీ’ అనీ అక్కడివారు ఇప్పటికీ అంటారు. తూర్పు జట్టు గెలిస్తే ఇలిశ చేప (మన గోదావరి జిల్లాలవారి పులస), మోహన్ బగాన్ గెలిస్తే రొయ్య. ఏ చేప ధర పెరిగిందో చూసి ఫలితం చెప్పవచ్చునని వేళాకోళం.

1947 తర్వాత ఈ వేళాకోళానికి వెనుక విషాదం చేరింది. దేశవిభజనతో తూర్పు బెంగాలు పరదేశమయిపోయింది. అక్కడినుంచి లక్షలాదిగా తరలివచ్చినవారితో సియాల్‌దా స్టేషను ప్లాట్‌ఫారాలు నిండిపోయాయి; నగరం చుట్టూ కాలనీలు లేచాయి. అనువాదం నా వృత్తి కాబట్టి ఒక మాట ఇక్కడ చెప్పక తప్పదు. ‘రెఫ్యూజీ’ అన్న ఇంగ్లీషు మాటలో ఆశ్రయం ఉన్నది. మన ‘శరణార్థి’ అన్న మాటలో అర్థింపు ఉన్నది. బెంగాలీలు వాడే ‘ఉద్వాస్తు’ అన్న మాటలో ఆ రెండూ లేవు. ‘వాస్తువు’ నుంచి, అనగా ఇల్లు నిలిచిన నేల నుంచి, పెళ్లగింపబడినవాడని మాత్రమే దాని భావం. దీనికి సరితూగే తెలుగు మాట నాకు ఇంతవరకూ దొరకలేదు. ఊరు పోయి, చెరువు పోయి, తులసికోట పోయి వచ్చిన అటువంటి మనిషికి కలకత్తాలో తనదని చెప్పుకోగలిగిన పేరు ఎర్ర–బంగారు రంగుల ఆ చొక్కా మీద ఉండేది.

అట్టి తరుణంలో క్లబ్బు వ్యవహారాలు నడిపిన జ్యోతిశ్ చంద్ర గుహ ఆటగాళ్ల కోసం దక్షిణాదికి చూశాడు. ఆంధ్రుడైన అప్పారావు అప్పటికే పాతకాపు. సాలే కేరళ నుంచి వచ్చినవాడు. బెంగుళూరువాడైన అహ్మద్ ఖాన్ 1948 లండన్ ఒలింపిక్స్‌లో వట్టికాళ్లతో ఆడినవాడు. ధనరాజ్ కూడా ఆ జట్టు సభ్యుడే.

ఆనాడు ముందువరుసలో ఐదుగురు ఆడేవారు. కుడి అంచున వెంకటేశ్, ఎడమ అంచున సాలే, నడుమ ధనరాజ్. అంచులకూ నడుమకూ మధ్య కొంచెం వెనుకగా అప్పారావు, అహ్మద్ ఖాన్. నా దృష్టిలో ఈ వ్యూహానికి ఆయువుపట్టు వెనుకనున్న ఈ ఇద్దరే. గోలు కొట్టినవాడి పేరు పత్రికలో పడుతుంది. బంతిని నేలమీద ఒదిగించి, ఎదుటివాణ్ణి తన మీదికి రప్పించుకొని, ఖాళీ అయిన చోటికి దానిని జార్చినవాడి పేరు గ్యాలరీలోని వారికే గుర్తుంటుంది. మన అప్పారావు పేరు తెలుగునాట కంటె కలకత్తాలో ఎక్కువమందికి తెలియడానికి అదొక కారణమేమో!

విజయాలను క్లుప్తంగా చెబుతాను. 1949లో కలకత్తా లీగు, ఐ.ఎఫ్.ఏ. షీల్డు, బొంబాయి రోవర్స్ కప్పు మూడూ ఒకే ఏడాది లభించాయి. షీల్డు 1950, 1951లలో కూడా చేయి జారలేదు. 1949, 1951 ఫైనళ్లలో ఓడినది మోహన్ బగానే. లీగు మళ్లీ 1950, 1952లలో. ఢిల్లీలో డ్యూరాండ్ కప్పు 1951, 1952లలో. స్వీడన్ నుంచి వచ్చిన గోథెన్‌బర్గ్ జట్టు కూడా 1951లో వీరి చేతిలో ఓడింది.

ఈ జాబితాలో నా మనసు నిలిచేది 1950 దగ్గర. ఆ ఏడాది ఆరంభంలో సరిహద్దుకు ఇరువైపులా మతకలహాలు చెలరేగాయి. ఏప్రిల్ 8న నెహ్రూ, లియాఖత్ అలీ ఒప్పందంపై సంతకాలు చేసేనాటికి మరో వలస ప్రవాహం కలకత్తా చేరింది. మతం పేరిట ఇల్లు పోగొట్టుకున్నవారు కొద్ది నెలలకే మైదానంలో చేరి, అహ్మద్ ఖాన్ కాలికి బంతి తగిలినప్పుడల్లా, సాలే అంచు వెంట పరుగు తీసినప్పుడల్లా గొంతు చించుకొని అరిచారు. ఆ ఇద్దరు ముస్లిములనూ కలుపుకొనే ‘పాండవులు’ అన్నారు. ఆట ద్వేషాన్ని మాన్పిందని నేను అనను. మైదానం దాటితే వారి మనసుల్లో ఏమున్నదో ఎవరు చెప్పగలరు? కాని ఎవరూ ఆజ్ఞాపించకుండా, జనం నోటి నుంచి వచ్చిన ఆ పేరు మాత్రం నిలిచిపోయింది.

వీరికి దీటైన జట్టు ఆ రోజుల్లో మన హైదరాబాదులోనే ఉండేది. సయ్యద్ అబ్దుల్ రహీం తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీసు జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1952 డ్యూరాండ్ ఫైనల్లో ఈ రెండు జట్లూ ఎదురుపడ్డాయి. ఒకే ఒక గోలు తేడాతో కప్పు కలకత్తా వెళ్లింది.

1953లో ఈస్ట్ బెంగాల్ జట్టు బుఖారెస్టులో జరిగిన ప్రపంచ యువజనోత్సవానికీ, అక్కడినుంచి సోవియట్ దేశానికీ వెళ్లింది. ఆ తర్వాత ఐదుగురూ కలిసి ఒక వరుసగా నిలవలేదు. అహ్మద్ ఖాన్ మాత్రం ఆ క్లబ్బులోనే మరికొన్నేళ్లు ఆడాడు. ఆయన 2017 ఆగస్టులో బెంగుళూరులో కన్నుమూసినప్పుడు, చివరి పాండవుడు వెళ్లిపోయాడని బెంగాలీలు దుఃఖించారు.