కాలిఫోర్నియాలో కుక్కల లైసెన్సులు, సేవా శునకముల నిబంధనలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలోని కాలిఫోర్నియాలో కుక్కను పెంచుకొనే ప్రతివారూ తాము నివసించే నగరము నుండి గానీ, కౌంటీ నుండి గానీ దానికి లైసెన్సు తీసుకొనవలెను. ఇది అన్ని కుక్కలకూ వర్తించే సాధారణ నియమము. ఇది కాక, వికలాంగులకు తోడ్పడేందుకు శిక్షణ పొందిన సేవా శునకముల విషయములో సమాఖ్య చట్టములు, రాష్ట్ర చట్టములు ప్రత్యేక హక్కులను కల్పించినవి. ఎమోషనల్ సపోర్ట్ డాగ్ అని పిలువబడే ఊరట శునకములకు ఇంతకంటె తక్కువ రక్షణ, ప్రధానముగా నివాసముల విషయములో, లభించుచున్నది. లైసెన్సు, సేవా శునకము, ఊరట శునకము అనే మూడు విషయములను ఒకటిగా భావించడము వలన అద్దెకుండేవారికి, ఇంటి యజమానులకు, దుకాణదారులకు తరచు వివాదములు ఏర్పడుచున్నవి. అన్నిటికంటె ఎక్కువగా నష్టపోవుచున్నది నిజముగా కుక్కపై ఆధారపడి జీవించే వికలాంగులు.

స్థానిక లైసెన్సు

కుక్కల లైసెన్సు పద్ధతికి ముఖ్యోద్దేశము రేబిస్ వ్యాధి నివారణ. రాష్ట్ర ఆరోగ్య భద్రతా స్మృతిలోని 121690వ సెక్షను ప్రకారము మూడు నెలల వయసు నిండిన కుక్కకు రేబిస్ టీకా వేయించవలెను. నాలుగు నెలలు నిండిన పిదప లైసెన్సు తీసుకొనవలెను. టీకా వలన కుక్క ప్రాణమునకు ముప్పు ఉన్నదని పశువైద్యుడు ధ్రువీకరిస్తే మినహాయింపు పొందవచ్చును. రాష్ట్రములోని 58 కౌంటీలూ రేబిస్ ప్రాంతములుగా ప్రకటించబడినవి.

నియమము రాష్ట్రమంతటికీ ఒకటే అయినా దానిని అమలు జరిపేది స్థానిక సంస్థలు. అందువలన రుసుము, గడువు, దరఖాస్తు పద్ధతి ఊరూరికీ మారుతుంటాయి. సంతాన నిరోధక శస్త్రచికిత్స జరిగిన కుక్కకు లైసెన్సు రుసుము మామూలు రుసుములో సగమునకు మించరాదని రాష్ట్ర చట్టము నిర్దేశించినది. లైసెన్సు పొందిన కుక్కకు ఒక సంఖ్య గల లోహపు బిళ్ళను ఇస్తారు. దానిని మెడపట్టీకి తగిలించవలెను. కుక్క తప్పిపోతే యజమానిని గుర్తించుటకు, ఎవరినైనా కరిచినప్పుడు టీకా వివరములు వెంటనే తెలిసికొనుటకు ఈ బిళ్ళ ఉపయోగపడుతుంది.

సేవా శునకమైనా ఈ లైసెన్సు నుండి తప్పించుకొనలేదు. అన్ని కుక్కలకూ వర్తించే లైసెన్సు, టీకా నియమములు సేవా శునకములకూ వర్తిస్తాయని సమాఖ్య న్యాయశాఖ స్పష్టము చేసినది. అయితే సేవా శునకమును సేవా శునకముగా ఎక్కడో నమోదు చేయించాలని మాత్రము ప్రభుత్వములు నిర్బంధించరాదు.

సేవా శునకము, ఊరట శునకము

అమెరికాలో మార్గదర్శక శునకముల చరిత్ర దాదాపు నూరేండ్లది. అంధులకు దారి చూపే కుక్కలకు శిక్షణనిచ్చే సీయింగ్ ఐ సంస్థ 1929లో స్థాపించబడినది. కాలిఫోర్నియాలో గైడ్ డాగ్స్ ఫర్ ది బ్లైండ్ సంస్థ 1942లో, ఇతర వైకల్యములు గలవారికి కుక్కలనిచ్చే కెనైన్ కంపానియన్స్ సంస్థ 1975లో ఏర్పడినవి.

1990లో చేయబడిన అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ చట్టము వికలాంగుల హక్కులకు ప్రధాన ఆధారము. ఈ చట్టము క్రింద సవరించిన నిబంధనలు 2011 మార్చి 15 నుండి అమలులో ఉన్నవి. వాటి ప్రకారము సేవా జంతువు అనగా కుక్క మాత్రమే. పొట్టి జాతి గుర్రములకు విడిగా ఒక నిబంధన కలదు. ఆ కుక్క వికలాంగుని వైకల్యమునకు సంబంధించిన ఒక నిర్దిష్టమైన పని చేయుటకు శిక్షణ పొంది ఉండవలెను. అంధునికి దారి చూపుట, చెవిటివారికి శబ్దములను తెలియజేయుట, చక్రాల కుర్చీని లాగుట, మూర్ఛ వచ్చినవారికి కాపలా ఉండుట ఇందుకు ఉదాహరణలు.

మానసిక వైకల్యము గలవారి కుక్కలు కూడా సేవా శునకములు కావచ్చును. ఇక్కడ తేడాను జాగ్రత్తగా గమనించవలెను. ఆందోళన ముంచుకు వస్తున్నదని పసిగట్టి, దానిని నివారించుటకు నేర్చుకొన్న పని ఏదైనా చేసే కుక్క సేవా శునకము. కేవలము ప్రక్కన ఉండడము వలన యజమానికి ధైర్యము కలిగితే అది ఊరట శునకము. కనుక తేడా జబ్బులో లేదు, కుక్క జాతిలోనూ లేదు. కుక్క నేర్చిన పనిలో ఉన్నది. ఆ శిక్షణ సంస్థయే ఇవ్వవలెనన్న నియమము లేదు. యజమాని స్వయముగా నేర్పుకొనవచ్చును.

బహిరంగ స్థలములలో

ఉపాహారశాలలు, దుకాణములు, ఆసుపత్రులు, వసతిగృహములు సేవా శునకమును అనుమతించవలెను. అవసరము పైకి స్పష్టముగా కనబడనప్పుడు అక్కడి ఉద్యోగులు రెండు ప్రశ్నలు మాత్రమే అడుగవచ్చును.

1. ఈ కుక్క వైకల్యము కారణముగా అవసరమైన సేవా శునకమేనా?
2. ఏ పని చేయుటకు దీనికి శిక్షణ ఇవ్వబడినది?

జబ్బు ఏమిటని అడుగరాదు. కాగితములు చూపమనరాదు. ఆ పని చేయించి చూపమని కూడా అడుగరాదు. ఇతరులకు కుక్కంటే భయమనీ, బొచ్చు పడదనీ చెప్పి నిరాకరించరాదు. అయితే కుక్క అదుపు తప్పి ప్రవర్తిస్తూ, యజమాని దానిని అదుపు చేయనప్పుడు, లేక అది లోపల మలమూత్రములు విసర్జించినప్పుడు బయటకు తీసికొని వెళ్ళమనవచ్చును. అప్పుడైనా యజమానికి కుక్క లేకుండా సేవ పొందే అవకాశము ఇవ్వవలెను.

అన్యాయముగా నిరాకరించిన వ్యాపారస్థుడు కాలిఫోర్నియాలోని అన్రూ పౌరహక్కుల చట్టము క్రింద కనీసము 4,000 డాలర్ల నష్టపరిహారము చెల్లించవలసి రావచ్చును. ఊరట శునకమునకు ఈ ప్రవేశ హక్కు లేదు. ఇక ఉపాహారశాల ఆరుబయట భోజన స్థలములోనికి పెంపుడు కుక్కలను రానిచ్చుటకు 2014లో చేసిన రాష్ట్ర చట్టము వీలు కల్పించినది; అది యజమాని ఇష్టముపై, స్థానిక నియమములపై ఆధారపడిన సౌకర్యమే గాని హక్కు కాదు.

అద్దె ఇండ్లు

ఊరట శునకమునకు నిజమైన ప్రాముఖ్యము ఉన్నది ఇక్కడనే. రాష్ట్ర నివాస నిబంధనల ప్రకారము, వైకల్యము గలవారు తమకు అవసరమైన ఊరట జంతువును ఉంచుకొనుటకు అనుమతి కోరవచ్చును. పెంపుడు జంతువులు కూడదని ఒప్పందములో ఉన్నప్పటికీ ఇంటి యజమాని ఆ కోరికను సహేతుకముగా పరిశీలించవలెను. ఇటువంటి కుక్కకు అదనపు డిపాజిట్టుగానీ, అదనపు అద్దెగానీ వసూలు చేయరాదు. జాతి, బరువు, పరిమాణముల పేరిట మాత్రమే తిరస్కరించరాదు. వైకల్యము పైకి కనబడనప్పుడు చికిత్స చేయువారి వద్ద నుండి, లేదా పరిస్థితి తెలిసిన విశ్వసనీయ వ్యక్తి వద్ద నుండి సమాచారము కోరవచ్చును. కుక్క ఇంటికి నష్టము కలిగిస్తే దానిని అద్దెకున్నవారే భరించవలెను. ఆ కుక్క ఇతరుల భద్రతకు ప్రత్యక్షముగా ముప్పు కలిగిస్తున్నదని దాని ప్రవర్తనను బట్టి తేలితే అనుమతి నిరాకరించవచ్చును.

పనిచేసే చోట కూడా ఊరట జంతువు ఒక సర్దుబాటుగా పరిగణించబడవచ్చును. ఇది ఒక్కొక్కరి పరిస్థితిని బట్టి నిర్ణయించబడుతుంది.

విమాన ప్రయాణము

ఒకప్పుడు విమానములలో ఊరట జంతువులను రుసుము లేకుండా అనుమతించేవారు. ఈ సౌకర్యము క్రమముగా దుర్వినియోగమైనది. 2018 జనవరిలో న్యూఆర్క్ విమానాశ్రయములో ఒక ప్రయాణికురాలు నెమలిని ఊరట జంతువుగా వెంట తీసికొని రాగా విమాన సంస్థ నిరాకరించిన సంఘటన ప్రపంచమంతటా చర్చకు వచ్చినది. సమాఖ్య రవాణా శాఖ 2020 డిసెంబరులో ప్రకటించిన కొత్త నిబంధన 2021 జనవరి 11 నుండి అమలులోనికి వచ్చినది. దీని ప్రకారము శిక్షణ పొందిన కుక్క మాత్రమే సేవా జంతువు. మానసిక వైకల్యమునకు తోడ్పడే శిక్షిత శునకమునకు ఇతర సేవా శునకములతో సమాన హోదా లభించినది. ఊరట జంతువులను మామూలు పెంపుడు జంతువులుగా చూచే అధికారము విమాన సంస్థలకు వచ్చినది. దుకాణములలో అడుగకూడని కాగితములను విమాన సంస్థలు అడుగవచ్చును. యజమాని రవాణా శాఖ పత్రములో కుక్క ఆరోగ్యము, శిక్షణ, ప్రవర్తనల గురించి ధ్రువీకరించవలసి ఉంటుంది.

నకిలీ పత్రములు, 2021 నాటి చట్టము

కుక్కకు సేవా శునకమని ధ్రువపత్రము, గుర్తింపు కార్డు, చొక్కా ఇస్తామని అంతర్జాలములో అనేక వ్యాపారములు వెలసినవి. వీటికి చట్టపరమైన విలువ ఏదీ లేదు. కాలిఫోర్నియాలో స్థానిక జంతు నియంత్రణ విభాగము సేవా శునకములకు ప్రత్యేక గుర్తింపు బిళ్ళను ఇస్తుంది. అది ఐచ్ఛికము. దానిని పొందేవారు ప్రమాణ పత్రముపై సంతకము చేయవలెను. తన కుక్క సేవా శునకమని తెలిసి తెలిసి అబద్ధమాడి మోసగించినవారికి శిక్షాస్మృతిలోని 365.7వ సెక్షను క్రింద ఆరు నెలల వరకు జైలు, 1,000 డాలర్ల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చును.

2021లో శాసనసభ ఆమోదించిన ఏబీ 468 చట్టము 2022 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చినది. దీనిలోని ముఖ్యాంశములు:

* ఊరట శునకమును గానీ, దానికి సంబంధించిన ధ్రువపత్రము, బిళ్ళ, చొక్కా వంటివి గానీ అమ్మేవారు, ఆ కుక్కకు సేవా శునకపు హక్కులు ఉండవని కొనేవారికి వ్రాతపూర్వకముగా తెలుపవలెను.
* ఊరట శునకము కొరకు పత్రము వ్రాసి ఇచ్చే వైద్య నిపుణునికి చెల్లుబాటయ్యే లైసెన్సు ఉండవలెను. సాధారణముగా కనీసము 30 రోజుల ముందు నుండి ఆ వ్యక్తితో వైద్య సంబంధము ఉండవలెను, వారి అవసరమును స్వయముగా పరీక్షించి నిర్ధారించవలెను.
* అమ్మకందారులు నియమము ఉల్లంఘిస్తే మొదటిసారి 500 డాలర్లు, రెండవసారి 1,000 డాలర్లు, అటుపైన 2,500 డాలర్ల చొప్పున జరిమానా.

విశ్లేషణ

అన్ని సేవా శునకములకూ ప్రభుత్వమే ఒక గుర్తింపు కార్డు ఇస్తే ఈ తగాదా తీరుతుంది కదా అన్న ప్రశ్న సహజముగా కలుగుతుంది. నిర్బంధ గుర్తింపును వ్యతిరేకించేవారి వాదనలో బలము ఉన్నది. తక్కినవారు ఏ కాగితమూ లేకుండా అంగడికి వెళ్ళగలిగినప్పుడు, గ్రుడ్డివాడు మాత్రము కాగితము చూపి లోపలికి వెళ్ళవలసి రావడము సమానత్వము అనిపించుకోదు. స్వయముగా శిక్షణ ఇచ్చుకొనే పేదవారికి పరీక్షలు, రుసుములు అదనపు భారమగును.

రెండవ ప్రక్క వాదనను కూడా కొట్టివేయలేము. నమ్మకముపై నడిచే ఏర్పాటులో అబద్ధము చెప్పడము తేలిక, పట్టుకోవడము కష్టము. శిక్షణ లేని కుక్క దుకాణములో మార్గదర్శక శునకముపై మొరిగినా, కరిచినా ఆ శునకము బెదరిపోయి పనికి పనికిరాకుండా పోవచ్చును. దానితో ఒక అంధుడు తన స్వేచ్ఛనే కోల్పోవును. అంతేకాక, ఒకసారి మోసపోయిన దుకాణదారుడు తరువాత వచ్చిన నిజమైన వికలాంగుని కూడా అనుమానముతో చూస్తాడు.

కాలిఫోర్నియా చట్టము మధ్యేమార్గమును అనుసరించినది. వికలాంగుని ప్రశ్నించడానికి బదులు, అబద్ధపు పత్రములు అమ్ముకొనే వ్యాపారిపై భారము మోపినది. అయితే 30 రోజుల గడువుకు ఇబ్బంది లేకపోలేదు. మానసిక వైద్యుని అపాయింట్‌మెంటు దొరకడమే కష్టమైన చోట, ఇల్లు మారవలసిన తొందరలో ఉన్నవారికి నెల రోజులు సుదీర్ఘ కాలమే.

తెలుగువారికి సంబంధించిన అంశములు

సిలికాన్ వ్యాలీ ప్రాంతములో తెలుగు కుటుంబములు చాలా ఉన్నవి. అద్దెకుండే విద్యార్థులకు, ఇండ్లు అద్దెకిచ్చేవారికి, ఉపాహారశాలలు నడిపేవారికి పై నియమములు నేరుగా వర్తిస్తాయి. దేవాలయముల వంటి మత సంస్థలకు అమెరికన్స్ విత్ డిసెబిలిటీస్ చట్టములోని బహిరంగ స్థలముల నిబంధనల నుండి మినహాయింపు ఉన్నది.

భారతదేశము నుండి కుక్కను వెంట తీసికొని వెళ్ళేవారు మరొక నియమము తెలిసికొనవలెను. 2024 ఆగస్టు 1 నుండి అమెరికాలో ప్రవేశించే కుక్కకు కనీసము ఆరు నెలల వయసు, మైక్రోచిప్ ఉండవలెను. రేబిస్ ముప్పు అధికముగా గల దేశముల జాబితాలో భారతదేశము ఉన్నందున టీకా ధ్రువీకరణ వంటి అదనపు నియమములు కూడా పాటించవలెను. సేవా శునకమన్న పేరుతో ఈ ఆరోగ్య నియమములు తప్పవు.

హైదరాబాదు వంటి నగరములలోనూ పెంపుడు కుక్కలకు లైసెన్సు పద్ధతి ఉన్నది. కాని ప్రతి కుక్కకూ ఒక యజమాని ఉంటాడన్నది అమెరికా లైసెన్సు పద్ధతికి పునాది. భారతదేశములో 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనలు వీధి కుక్కలను విడి వర్గముగా గుర్తించినవి. వాటికి యజమాని లేడు గనుక లైసెన్సు తీసుకొనేవారూ లేరు. అందువలన ఇక్కడ రేబిస్ నివారణ భారము యజమాని చేతిలోని బిళ్ళపై గాక, వీధి కుక్కలకు టీకాలు వేయించే మునిసిపాలిటీపైనే ఎక్కువగా ఉన్నది.