డిశ్చార్జి అయిన మరునాడు ఎవరు దిక్కు?

వాకాడు తీరంలో వేటకెళ్లే మనిషికి పక్షవాతం వస్తే 108 వస్తుంది. గూడూరు దాటించి నెల్లూరు చేరుస్తుంది. అక్కడి బిల్లు ఎన్‌టీఆర్ వైద్యసేవ కడుతుంది. 2007లో ఆరోగ్యశ్రీగా పుట్టిన ఈ పథకం ఎందరి ప్రాణాలో నిలిపింది. మా అభియోగం ఆ తర్వాతి రోజుల గురించి. బతికి తన ఊరు తూపిలిపాలెం తిరిగొచ్చిన ఆ మనిషిని వైద్యశాఖ మరిచిపోతోంది.

ముక్కులో గొట్టం మార్చాలి. రెండు గంటలకోసారి పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, లేకుంటే వీపు పుండ్లు పడుతుంది. చచ్చుబడిన చేతికి రోజూ వ్యాయామం చేయించాలి. ఇదంతా చేస్తున్నది చేపలమ్మి ఇల్లు నడిపిన భార్య. ఆమె గంప దించిన రోజే ఆ ఇంటి రెండో రాబడీ ఆగిపోతుంది. మంచాన పడ్డవారికి 2024 జులై నుంచి నెలకు 15 వేల పింఛను ఇవ్వడం మంచి పనే. కానీ ఆ డబ్బు పట్టుకుని ఆమె తీరపు పల్లెలో ఫిజియోథెరపిస్టు కోసం ఏ గడప తొక్కాలి?

ఏటా కుటుంబానికి 25 లక్షల దాకా చికిత్స అంటున్నారు. ఇంటికొచ్చి పుండు కడిగే నర్సుకు మాత్రం ప్యాకేజీ లేదు. 2025 అక్టోబర్‌లో బకాయిల కోసం ప్రైవేటు ఆసుపత్రులు సేవలు ఆపేస్తే ప్రభుత్వం పిలిచి మాట్లాడింది. ఆ ఇల్లాలు ఒక్క పూట పని ఆపినా భర్త ప్రాణానికే ముప్పు. అందుకే ఆమె గోడు ఎవరికీ వినపడదు.

వాకాడు బిడ్డ నేదురుమల్లి జనార్దనరెడ్డి ప్రైవేటు వైద్య కళాశాలల అనుమతులను హైకోర్టు తప్పుబట్టాక 1992లో ముఖ్యమంత్రి పదవి వదులుకున్నారు. నాటి నుంచి నేటి ప్రభుత్వ-ప్రైవేటు భాగస్వామ్య (పీపీపీ) వైద్య కళాశాలల రగడ దాకా మన వైద్య రాజకీయమంతా సీట్ల చుట్టూ, భవనాల చుట్టూనే. మంచం పట్టిన మనిషి ఊసే లేదు. కేరళ 2008లోనే పాలియేటివ్ సంరక్షణ విధానం ప్రకటించి, పంచాయతీల ద్వారా నర్సులను ఇళ్లకు పంపుతోంది. జపాన్ 2000 నుంచే దీర్ఘకాలిక సంరక్షణకు విడిగా బీమా నడుపుతోంది. మనకు గ్రామ క్లినిక్కులున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు. ఇంటి సంరక్షణ బాధ్యతను వారికి అప్పగించి, అందుకు జీతం కట్టివ్వాలన్న ఆలోచన లేదు.

2025 సెప్టెంబర్‌లో మంత్రివర్గం ఆమోదించిన కొత్త ఆరోగ్య బీమా విధానంలో ఇంటి సంరక్షణకు వాటా రాయాలి. మండలానికో ఫిజియోథెరపిస్టు, ఇద్దరు నర్సులు, ఒక వాహనం కావాలి. ఆ పని వాకాడు నుంచే మొదలుపెట్టాలని ప్రభుత్వాన్ని డిమాండ్ చేస్తున్నాం.