తలుపు మూయవలసినదేనా?

మా పూర్వవిద్యార్థులు దేశదేశములనుండి ఈమెయిలు ద్వారా జరుపుకొనుచున్న చర్చాబృందమునకు నేఁడొక చిక్కు వచ్చినది. ఋణము లిత్తుమనువారు, మందు లమ్మువారు, లాటరీ తగిలినదని నమ్మించువారు దినదినమును జాబులు గుప్పించుచున్నారు. దీనినే స్పామందురు. కావున సభ్యులు తప్ప నన్యులెవ్వరును వ్రాయరాదని నిబంధన చేయవలెనని కొందఱు మిత్రులు కోరుచున్నారు. వారి విసుగు న్యాయమైనదే. కోరిక మాత్రము మాకు సమ్మతము గాదు.

ఈ పీడ క్రొత్తది కాదు. 1978 మే నెలలో అమెరికాలో నొక కంప్యూటరు కంపెనీ యుద్యోగి, తమ యంత్రముల ప్రదర్శనమునకు రండని ఆర్పానెట్టులోని సుమారు 400 మందికి ఒక్కసారిగా జాబు పంపెను. 1994 ఏప్రిలులో ఇద్దఱు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీ ప్రకటనను యూజ్‌నెట్టులోని వేలకొలఁది చర్చావర్గములలో పడవైచిరి. పంపువారికి తపాలా బిళ్ల ఖర్చైనను లేదు గదా!

కాని మందు రోగముకంటె కఠినము కాకూడదు. 2014 ఏప్రిలులో యాహూ సంస్థ, తన చిరునామాతో వచ్చుచు తన సంతకము సరిపోలని జాబులను త్రోసివేయుఁడని డీమార్క్ పద్ధతిని ప్రకటించెను. మోసగాండ్రను పట్టుటకే ఆ నియమము. అయితే చర్చాబృందపు యంత్రము ప్రతి జాబునకును శీర్షికలో బృందము పేరును, అడుగున నొక పంక్తిని జేర్చి మరల పంపుచుండును. అట్లు మార్చినంతనే సంతకము చెల్లదు. తత్ఫలితముగా యాహూ సభ్యుల జాబులు ఇతరులకు చేరక తిరిగివచ్చెను. అంతేకాదు, తిరుగు జాబులను లెక్కించిన యంత్రము, ఏ పాపమెఱుఁగని గ్రహీతలనే పట్టికనుండి తొలఁగింపసాగెను! పిదప, పంపినవారి చిరునామాకు బదులు బృందము చిరునామా నుంచి పనులు నెట్టుకొనిరావలసివచ్చెను.

మా యనుభవమొకటి చెప్పెదము. నిరుడు మేము పంచిపెట్టిన 1962వ సంవత్సరపు ఛాయాపటములో ఇద్దఱు ఉపాధ్యాయుల పేరులు తాఱుమాఱైనవి. ఆ తప్పును చూపినవారు సభ్యులు కారు. మనుమని చిరునామానుండి వ్రాసిన యొక వృద్ధులు. తలుపు మూసియున్నచో నా తప్పు అట్లే నిలిచిపోయెడిది.

కాఁబట్టి సభ్యుల జాబులు నేరుగా పోవలెను. అన్యుల మొదటి జాబును మాత్ర మాపి, ఒక మనిషి చదివి విడువవలెను. ఒకసారి విడిచినవారిని మరల నాపరాదు. యంత్రపు జల్లెడ అనుమానించిన జాబులను వేఱుగా నుంచవలెనే గాని చింపివేయరాదు. పది చెత్త జాబులు లోనికి వచ్చిన చెరిపివేయవచ్చును. పోయిన మంచి జాబొకటి పోయినదని యెవ్వరికిని తెలియనేరదు. ఇందులకు దినమునకు పావుగంట పని. వంతులవారీగా చూచుటకు నలుగురు కావలెను. ఇంతవఱకు దొరికినది ఇద్దఱే.