భయానికి బెడ్ స్పేస్ చాలు

దెయ్యం సినిమాకు పాడుబడ్డ బంగ్లా కావాలని మొదట ఎవరన్నారో గానీ, ఆ మాట నిర్మాతల చేత చాలా డబ్బు తగలేయించింది. ఓరెన్ పెలీ అనే ఆయన అమెరికాలో, శాన్ డియాగోలోని తన సొంత ఇంట్లోనే, వారం రోజుల్లో, సుమారు 15,000 డాలర్లతో ‘పారానార్మల్ యాక్టివిటీ’ తీశాడు. మన కువైట్ లెక్కలో 4,600 దినార్లు. ఇక్కడ అబూ హలీఫాలో నలుగురు కలిసి చీటీ పాడుకుంటే చేతికొచ్చే సొమ్ము. ఒక పడకగది, ఒక స్టాండు మీద కదలకుండా నిలబడ్డ కెమెరా, అర్ధరాత్రి దానంతట అది కదిలే తలుపు. 2009లో పారామౌంట్ సంస్థ దాన్ని థియేటర్లకు పంపితే 19 కోట్ల డాలర్ల పైచిలుకు వచ్చింది.

మన సినిమాల్లోనూ చిన్న బడ్జెట్ భయం బాగా పండింది ఇళ్లలోనే. రవిబాబు ‘అవును’ (2012)కు కావలసిందల్లా కొత్త జంట దిగిన ఒక ఇల్లు. 2022 నవంబరులో వచ్చిన ‘మసూద’లో తల్లీకూతుళ్లు ఒక అపార్ట్‌మెంట్ ఫ్లాట్‌లో ఉంటారు, పక్క ఫ్లాట్‌లో పిరికివాడైన ఒక కుర్రాడు. పెద్ద తారలు లేరు. దర్శకుడు సాయికిరణ్‌కు అది తొలి సినిమా. రెండో సగంలో కథ ఊళ్లు పట్టుకుని తిరిగింది, పెద్దదయింది. నన్ను వణికించింది మాత్రం మొదటి సగంలోని ఆ ఫ్లాటే. తలుపు తీస్తే ఎదురుగా ఎవరుంటారో తెలియని ఇల్లు అందరికీ ఉంటుంది. బంగ్లా ఎందరికి ఉంటుంది?

ఇదంతా ఎందుకంటే, ఇక్కడ ఫోన్‌తో షార్ట్ ఫిల్ములు తీసే మన కుర్రాళ్ల సరదా ఈమధ్య హారర్ మీదికి మళ్లుతోంది. మంచిదే. అయితే కథ అడిగితే చాలు, ఊరి చివర మర్రిచెట్టు, తెల్లచీర, అమావాస్య! రాయచోటి పొలిమేర దెయ్యాన్ని అబూ హలీఫా ఫ్లాట్‌లోకి వీసా ఇప్పించి మరీ తెస్తున్నారు. ఇక్కడి గదికి ఇక్కడి భయం ఉండగా దానితో పనేముంది?

అబూ హలీఫాకు ఒక వైపు సముద్రం, ఇంకో వైపు ఫహాహీల్ ఎక్స్‌ప్రెస్‌వే, మధ్యలో వరసగా అద్దె బిల్డింగులు. ఎండకు తట్టుకోలేక కిటికీ అద్దాలకు అల్యూమినియం రేకు అంటించిన గదులు వీటిలో ఎన్నో. నైట్ డ్యూటీ వాళ్లు పగలు పడుకునే గదిలో మిట్టమధ్యాహ్నం కూడా చిమ్మచీకటి. సినిమావాళ్లు రాత్రి సీను పగలు తీయాలంటే నల్ల గుడ్డలు కట్టి తంటాలు పడతారు. మనకు ఆ సెట్టు ఊరికే దొరుకుతుంది. బెడ్ స్పేస్ కింద, అంటే మంచానికింత అద్దెతో, నాలుగైదు మంది పడుకునే గది, రెండంతస్తుల ఇనుప మంచాలు, మంచం కిందికి తోసిన సూట్‌కేసులు. సెలవు మీద ఊరెళ్లి మళ్లీ రానివాడి సూట్‌కేసు ఒకటి వాటిలో ఉంటుంది. దాన్ని ఎవరూ తెరవరు, ఎవరూ పారెయ్యరు. పై మంచం మనిషి రాత్రి డ్యూటీకి వెళ్లాడని అందరికీ తెలుసు. మరి రెండు గంటలప్పుడు పై మంచం ఎందుకు కిర్రుమంది? కథ ఇక్కడ మొదలుపెట్టండి. మర్రిచెట్టును మరిచిపోతారు.

చిక్కల్లా శబ్దంతోనే. ఏసీ ఆపకపోతే మాటలు రికార్డు కావు. జూలైలో ఆపితే నటుడి ముఖం మీద మేకప్ పది నిమిషాలు నిలవదు. కాబట్టి మాటలన్నీ తర్వాత డబ్బింగ్ చెప్పించుకోవడమే మేలు. తెలుగు సినిమాకు అది అలవాటైన పనే. ఆ ఏసీ మోతను మాత్రం వదులుకోకండి. విడిగా రికార్డు చేసి దాచుకోండి. గంటల తరబడి హోరుమనే ఏసీ ఒక్కసారి ఆగిపోతే ఈ దేశంలో నిద్రలో ఉన్నవాడు కూడా ఉలిక్కిపడి లేస్తాడు. అంతకు మించిన నేపథ్య సంగీతం డబ్బులిచ్చినా రాదు.

కారిడార్లో, లిఫ్టులో, మేడ మీద తీయాలంటే హారిస్‌కు, అంటే బిల్డింగ్ కాపలాదారుకు, ఒక టీ ఇప్పిస్తే పనైపోతుందనుకోవద్దు. బిల్డింగ్ యజమాని ఒప్పుకోవాలి. బయట తీయాలంటే ప్రభుత్వ అనుమతి కనుక్కోవాలి. దారిన పోయేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, వాళ్లకు తెలియకుండా కెమెరాలో పడితే కేసు అవుతుంది. కేసు అంటే ఇక్కడ అకామాతో (నివాస అనుమతితో) ముడిపడిన సంగతి. సెన్సారు సంగతి వేరే. 2023 ఆగస్టులో కువైట్ ఒకే ప్రకటనలో రెండు సినిమాలను నిషేధించింది. ఒకటి లోకమంతా గులాబీ రంగు పూసిన ‘బార్బీ’. రెండోది ‘టాక్ టు మీ’. ఆస్ట్రేలియాలో అడిలైడ్‌కు చెందిన డానీ, మైకేల్ ఫిలిప్పూ అనే కవల అన్నదమ్ములు యూట్యూబ్ వీడియోలు చేసీ చేసీ 45 లక్షల డాలర్లతో తీసిన మొదటి హారర్ సినిమా అది. ఇక్కడి సమాజానికి పొసగని భావాలున్నాయన్నది అధికారికంగా చెప్పిన కారణం. సినిమాలో పనిచేసిన ఒక ట్రాన్స్ కళాకారుడి వల్లనే ఆపారని బయట వినిపించింది. ఆ నిర్ణయం నాకు నచ్చలేదు. నచ్చకపోయినా, ఇక్కడ ఉంటూ సినిమా తీసేవాడు స్క్రిప్టు రాసేటప్పుడే ఈ గోడ ఎక్కడుందో చూసుకోక తప్పదు. చేతబడి, తాయెత్తు, బాబాల జోలికి పోతే ఇంకా జాగ్రత్త. ఎలాగూ పైన చెప్పిన సూట్‌కేసుకు మతం లేదు.

ఇక ప్రచారం. హారర్ ప్రచారానికి పెద్ద చరిత్రే ఉంది, అందులో సగం గారడీ. 1958లో విలియం కాజిల్ తన ‘మకాబ్ర్’ సినిమా చూస్తూ ఎవరైనా భయంతో చచ్చిపోతే వెయ్యి డాలర్లు వచ్చేలా బీమా చేయించాడు, అదీ లండన్ లాయిడ్స్ పేరు మీద. మన రామ్ గోపాల్ వర్మ 2008లో ‘ఫూంక్’ వచ్చినప్పుడు థియేటర్లో ఒంటరిగా కూర్చుని చూసినవాడికి 5 లక్షలన్నాడు. ఇవి సరదాలు. నవ్వుకుని టికెట్టు కొంటాం. ‘బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ (1999) చేసింది వేరు. ముగ్గురు నటులు అడవిలో నిజంగానే తప్పిపోయారని వెబ్‌సైటు పెట్టారు, ‘కనబడుటలేదు’ అని పోస్టర్లు పంచారు. నటి తల్లికి జనం సంతాప కార్డులు పంపారట. సినిమా దాదాపు 25 కోట్ల డాలర్లు తెచ్చింది. తమకు న్యాయంగా రావలసింది రాలేదని ఆ ముగ్గురూ 2024లో కూడా అడుగుతూనే ఉన్నారు. ఇరవై అయిదేళ్లకు పైగా చిన్న సినిమావాళ్లందరికీ ఆ ప్రచారమే వేదం. మన కుర్రాళ్లూ దాన్నే పట్టుకుంటారని నా భయం.

అది ఇక్కడ చెయ్యకండి. మన వాట్సాప్ గ్రూపుల్లో ‘ఈ ఫొటోలోని వ్యక్తి కనిపించడం లేదు, కడప జిల్లా, ఎవరికైనా తెలిస్తే చెప్పండి’ అని వచ్చే మెసేజ్ సినిమా పోస్టర్ కాదు. కఫీల్ (స్పాన్సర్) దగ్గర నుంచి బయటపడి, పత్రాలు లేకుండా ఖల్లివల్లి అయినవాడు కావచ్చు, ఆసుపత్రిలో పేరు చెప్పలేని స్థితిలో ఉన్నవాడు కావచ్చు. అటు ఊళ్లో భార్య ఆ ఫోన్ కోసమే కూర్చుని ఉంటుంది. తప్పిపోయారన్న అబద్ధం అమ్ముడుపోయేది, తప్పిపోవడం అరుదైన చోట. ఇక్కడ ఒక్క దొంగ పోస్టర్ వేస్తే రేపు వచ్చే నిజమైన దాన్ని ఎవరూ నమ్మరు. ఇంకో మాట కూడా. పక్కనున్న మంగాఫ్‌లో 2024 జూన్ 12 తెల్లవారుజామున కార్మికుల బిల్డింగ్ తగలబడి దాదాపు 50 మంది పోయారు. ఎక్కువమంది మన దేశం వాళ్లే, ఆంధ్రప్రదేశ్ వాళ్లు ముగ్గురు. ఆ పొగను ట్రైలర్లో వాడుకోవాలని ఎవరికైనా అనిపిస్తే ఆ కెమెరా పెట్టెలో పెట్టెయ్యడం మంచిది. ఇరుకు గది భయం చూపించవచ్చు, చూపించాలి కూడా. పేరున్న చావులను దెయ్యాలుగా మార్చి అమ్ముకోకూడదు.

మరి ఎలా చెప్పుకోవాలి? ‘మా ఊరి పొలిమేర’ను చూడండి. 2021 డిసెంబరులో థియేటర్ ముఖం చూడకుండా నేరుగా హాట్‌స్టార్‌లోకి వెళ్లింది. సత్యం రాజేష్ నటించిన ఆ చిన్న సినిమాను జనం ఇంట్లో చూశారు, ఒకరికొకరు చెప్పుకున్నారు. 2023 నవంబరులో రెండో భాగం థియేటర్లకు వచ్చేసరికి ప్రేక్షకులు సిద్ధంగా ఉన్నారు. మొదటి సినిమానే రెండోదానికి ప్రచారం. అబూ హలీఫా జట్టుకు ఓటీటీ దొరకకపోవచ్చు. అల్ కూత్ మాల్ సినీస్కేప్‌లో షో దొరకడం ఇంకా కష్టం. యూట్యూబ్ ఎలాగూ ఉంది. పది నిమిషాల సినిమా ఒకటి ఊరికే పెట్టండి, పెద్దది తర్వాత.

మన ప్రేక్షకుడు ఎలా చూస్తాడో గుర్తుంచుకోండి. గదిలో మిగతావాళ్లు నిద్రపోతుంటే, దుప్పటి కింద, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూస్తాడు. కువైటీ ఇళ్లలో పనిచేసే గోదావరి జిల్లాల ఆడవాళ్లు రాత్రి పని అయ్యాక తమ చిన్న గదిలో అలాగే చూస్తారు. హారర్‌కు అంతకన్నా మంచి థియేటర్ లేదు. అందుకని సౌండ్ మిక్సింగ్ హోమ్ థియేటర్‌కు కాదు, ఇయర్‌ఫోన్‌కు చేయించండి. ఎడమ చెవిలో పడ్డ ఊపిరి శబ్దం కుడి చెవిలోకి నడిచి రావాలి. చూసిన ఆడవాళ్లు వదినకో అక్కకో వాయిస్ మెసేజ్ పెడతారు: ‘రాత్రి ఒక్కదానివే చూడకే తల్లీ.’ ఏ ట్రైలరూ ఆ పని చెయ్యదు. ఆ మెసేజ్ గురువారం రాత్రి బయలుదేరితే శుక్రవారం సెలవు రోజున ఊరంతా తిరుగుతుంది.

అలాంటప్పుడు హాలు అద్దెకు తీసుకుని, ముఖ్య అతిథిని పిలిచి, శాలువా కప్పి, ఫస్ట్ లుక్ విడుదల, టీజర్ విడుదల, పాట విడుదల అంటూ మూడుసార్లు జ్ఞాపికలు పంచడం ఎందుకు? ఆ దినార్లు సబ్‌టైటిల్స్‌కు పెట్టండి. మలయాళంలో ఒకటి, అరబ్బీలో ఒకటి. పక్క మంచం మీద పడుకునేది కేరళ వాడు. కింది అంతస్తులో ఉండే హారిస్ బహుశా ఈజిప్టు వాడు. పై మంచం కిర్రుమంటే వాళ్లూ వింటారు.