కొండ మీద యుద్ధం... రోడ్డు వేసింది మనలాంటోళ్లే

2024 అక్టోబర్ 21న లద్దాఖ్‌లో సైనికుల గస్తీ విషయంలో భారత్, చైనా ఒక ఒప్పందానికి వచ్చాయి. ఆ తర్వాత ఏడాదికి, 2025 అక్టోబర్‌లో, ఐదేళ్లకు పైగా ఆగిపోయిన డైరెక్ట్ విమానాలు మళ్లీ మొదలయ్యాయి. "ఇక గొడవ అయిపోయినట్టేనా అన్నా?" అని క్యాంపుల్లో తమ్ముళ్లు అడుగుతుంటారు. గల్ఫ్‌లో చైనా కంపెనీల సైట్లలో మనోళ్లు కూడా పనిచేస్తున్నారు కాబట్టి ఆ ప్రశ్న మనకు దూరం విషయమేమీ కాదు. జవాబు కావాలంటే కాస్త వెనక్కి పోవాలి.

గొడవ మొదలైంది రోడ్డుతో

భారత్, చైనా మధ్య సరిహద్దు 3,488 కిలోమీటర్లని మన ప్రభుత్వం చెప్తుంది. పొలం గట్టు లాగా ఇద్దరూ ఒప్పుకొని రాళ్లు పాతిన హద్దు కాదిది. తూర్పున 1914లో బ్రిటిష్ వాళ్లు గీసిన మెక్‌మహన్ రేఖను చైనా ఒప్పుకోలేదు. పడమర లద్దాఖ్ వైపు అక్సాయ్ చిన్ అనే చలి ఎడారి ఉంది. బ్రిటిష్ కాలంలోనే దానికి గట్టి హద్దు తేలలేదు.

1954లో రెండు దేశాలు పంచశీల ఒప్పందం చేసుకున్నాయి. స్నేహం మాటలు నడుస్తుండగానే టిబెట్‌ను షింజియాంగ్‌తో కలుపుతూ అక్సాయ్ చిన్ మీదుగా చైనా రోడ్డు వేసింది. 1957లో ఆ రోడ్డు పూర్తయిందని వాళ్లే ప్రకటించారు. 1959లో దలైలామా మన దేశానికి వచ్చాక వైరం ముదిరింది. అదే ఏడాది అక్టోబర్ 21న లద్దాఖ్‌లో చైనా సైనికుల కాల్పుల్లో మన పోలీసులు పదిమంది చనిపోయారు. మన జిల్లాల్లో ఏటా అక్టోబర్ 21న పోలీసు అమరవీరుల దినం జరుపుతారు కదా, అది వాళ్లను తలుచుకునే మొదలైంది.

1960లో చైనా ప్రధాని చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి మాట్లాడినా తెగలేదు. ముందుకు పోయి చిన్న చిన్న పోస్టులు పెట్టాలని 1961లో మన ప్రభుత్వం నిర్ణయించింది. అయితే పోస్టులు పెట్టినంత సులువుగా వాటికి సామాన్లు చేరవు. తూర్పున నమ్‌కా చు వాగు దగ్గర ఉన్న జవాన్లకు రోడ్డు రోజుల నడక దూరంలో ఉంది. చాలామందికి చలి బట్టలు కూడా సరిగా లేవు. 1962 అక్టోబర్ 20న చైనా రెండు వైపులా దాడి చేసింది. నెల తర్వాత, నవంబర్ 21న, తనే కాల్పులు ఆపి తూర్పున వెనక్కి పోయింది. అక్సాయ్ చిన్ మాత్రం దాని చేతిలోనే ఉండిపోయింది. మన వైపు సుమారు 1,380 మంది చనిపోయారు. 1,700 మంది దాకా ఆచూకీ లేకుండా పోయారు. 3,900 మందికి పైగా ఖైదీలయ్యారు.

దెబ్బ వలసోళ్ల మీద కూడా పడింది

ఆ యుద్ధం గురించి చెప్పుకునేటప్పుడు ఒక సంగతి ఎక్కువగా వినపడదు. అస్సాం, ఉత్తర బెంగాల్ వైపు తరాలుగా బతుకుతున్న చైనా మూలాల కుటుంబాలు ఉండేవి. వాళ్ల తాతముత్తాతల్లో కొందరిని టీ తోటల్లో పనికి బ్రిటిష్ వాళ్లే తెచ్చారు. చాలామంది ఇక్కడే పుట్టారు, ఇక్కడి భాషే మాట్లాడతారు. 1962 నవంబర్‌లో పోలీసులు వాళ్ల ఇళ్లకు వచ్చారు. పిల్లలు, ముసలివాళ్లతో సహా సుమారు 3,000 మందిని రైళ్లలో రాజస్థాన్‌లోని దేవ్‌లీ క్యాంపుకు తరలించారు. కేసు లేదు, విచారణ లేదు. కొందరు ఏళ్ల తరబడి అక్కడే ఉన్నారు. రెండు వేల మందికి పైగా మద్రాసు రేవులో ఓడలెక్కి చైనాకు వెళ్లిపోయారు. తిరిగి ఇంటికి పోయినవాళ్లలో చాలామందికి ఇల్లూ దుకాణమూ మిగల్లేదు.

పరాయి దేశంలో బతికే మనం ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి. కొండ మీద తుపాకీ పేలితే, అక్కడికి వేల మైళ్ల దూరంలో ఉన్న వలస మనిషి ఇంటి తలుపు తడతారు. ఆ పని ఏ దేశమైనా చేయగలదు. మన దేశమూ చేసింది.

2020: మళ్లీ రోడ్డే

1996లో కుదిరిన ఒప్పందం ప్రకారం వాస్తవాధీన రేఖ దగ్గర కాల్పులు జరపకూడదు. అందుకే 2020 జూన్ 15 రాత్రి గల్వాన్ లోయలో రాళ్లతో, మేకులు దిగ్గొట్టిన కర్రలతో కొట్టుకున్నారు. సూర్యాపేటకు చెందిన కల్నల్ సంతోష్ బాబుతో పాటు 20 మంది మన జవాన్లు చనిపోయారు. తమవాళ్లు నలుగురు పోయారని చైనా 2021 ఫిబ్రవరిలో చెప్పింది. ఈ గొడవ వెనక చెప్పే కారణాల్లో దర్బుక్ నుంచి దౌలత్ బేగ్ ఓల్డీ దాకా మనం వేసిన 255 కిలోమీటర్ల రోడ్డు కూడా ఉంది.

మరి ఆ కొండల్లో రోడ్లు వేసేదెవరు? చాలావరకు జార్ఖండ్‌లోని దుమ్కా వైపు కూలీలు. గల్వాన్ ఘటనకు రెండు రోజుల ముందే, జూన్ 13న, దుమ్కా నుంచి సుమారు 1,600 మందితో ప్రత్యేక రైలు బయల్దేరింది. మేట్ అనే మధ్యవర్తి ఉండకూడదు, జీతం నేరుగా బ్యాంకులో పడాలి, వలస కార్మికుల చట్టం కింద పేర్లు నమోదు చేయాలి అని జార్ఖండ్ ప్రభుత్వం సరిహద్దు రోడ్ల సంస్థను అడిగింది. ఏజెంట్ చేతిలో నలిగినోళ్లకు ఈ మాటల విలువ వేరే చెప్పక్కర్లేదు.

2022 జులైలో అరుణాచల్‌లో చైనా సరిహద్దు దగ్గరి రోడ్డు పని నుంచి 19 మంది కూలీలు అడవిలోకి వెళ్లిపోయారు. చాలామంది అస్సాం వాళ్లు. బక్రీద్‌కు ఇంటికి పోతామంటే కాంట్రాక్టర్ సెలవివ్వలేదని, అందుకే కాలినడకన బయల్దేరారని అప్పట్లో వార్తలొచ్చాయి. కొందరు బతికి బయటపడ్డారు, కొందరి శవాలు దొరికాయి. వాళ్ల పేర్లు ఏ యుద్ధ స్మారకం మీదా ఉండవు.

ఇప్పుడు మనమేం చేయాలి

తమ్ముళ్లు అడిగినదానికి నా జవాబు ఇది. గొడవ చల్లారింది, తీరలేదు. గస్తీ మీద మాట కుదిరింది కానీ సరిహద్దు రేఖ ఇప్పటికీ తేలలేదు. రెండు వైపులా రోడ్లు, సొరంగాలు పెరుగుతూనే ఉన్నాయి. ఎప్పుడైనా మళ్లీ వార్త రావచ్చు.

అలా వచ్చిన రోజు మూడు పనులు చేయండి. ఎక్కడిదో తెలియని వీడియోను గ్రూపుల్లో పంపకండి. పక్క దేశం వాళ్లను తిడుతూ పోస్టు పెట్టకండి. యూఏఈలో 2021 సైబర్ చట్టం ప్రకారం ఆన్‌లైన్‌లో ఒకర్ని తిట్టినా జైలు పడొచ్చు, లేదా రెండున్నర లక్షల నుంచి ఐదు లక్షల దిర్హమ్‌ల దాకా జరిమానా పడొచ్చు. ఇక మూడోది, మీ సైట్లో చైనా ఫోర్‌మన్ ఉన్నా, పాకిస్తానీ డ్రైవర్ ఉన్నా, అతను కూడా ఇంటికి డబ్బులు పంపడానికి వచ్చినోడేనని మరిచిపోకండి.

అమరులైన జవాన్లకు దండం పెడదాం. వాళ్లు నడిచిన రోడ్డు వేసిన కూలీలను కూడా ఒకసారి తలుచుకుందాం.