పచ్చ సిగ్నల్‌కు పరీక్ష పెట్టేదెవరు?

2024 అక్టోబరు 11 రాత్రి మైసూరు నుంచి దర్భంగా వెళుతున్న బాగ్‌మతి ఎక్స్‌ప్రెస్‌కు కవరైపేట్టై స్టేషన్లో మెయిన్ లైను మీద నేరుగా వెళ్లిపొమ్మని పచ్చ సిగ్నల్ పడింది. రైలు మాత్రం పక్కనున్న లూప్ లైనులోకి మళ్లి, అక్కడ ఆగి ఉన్న గూడ్సును గుద్దింది. పెట్టెలు పట్టాలు తప్పాయి, మంటలు లేచాయి. ఎవరి ప్రాణమూ పోలేదు. ఆ ఊరు తమిళనాడులోదే అయినా మన తడ నుంచి నాలుగైదు స్టేషన్ల అవతలే ఉంది. ఆ రైలు గూడూరు, నెల్లూరు మీదుగా పైకి పోవాల్సింది. రైలును ఒక పట్టా నుంచి మరో పట్టాకు మళ్లించే పాయింటు భాగాలను ఎవరో కావాలని ఊడదీశారని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది.

అంతకు పదహారు నెలల ముందు, 2023 జూన్ 2న ఒడిశాలోని బాహానగా బజార్‌లో కోరమండల్ ఎక్స్‌ప్రెస్ అచ్చం ఇలాగే లూప్ లైనులోకి పోయింది. ఆ రైలు మన నెల్లూరు తీరం మీదుగానే రోజూ చెన్నై చేరుతుంది. ఆ దుర్ఘటనలో 290 మందికి పైగా చనిపోయారు. కారణం కుట్ర కాదని, వైరింగ్ తప్పని విచారణలో తేలింది. 2018లో పట్టాల పక్కన సిగ్నల్ పరికరాలుండే గుమ్టీలో సర్క్యూట్ మార్చినప్పుడు జరిగిన పొరపాటు ఐదేళ్లు బయటపడకుండా ఉండిపోయింది. ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు పనికోసం మళ్లీ వైర్లు ముట్టుకోగానే అది ప్రాణాంతకమైంది. 2022 మే 16న అదే ఖరగ్‌పూర్ డివిజన్లోని బాంక్రానయాబాజ్ స్టేషన్లో ఇలాంటి తప్పే బయటపడిందనీ, అప్పుడే దిద్దుకుని ఉంటే బాహానగా జరిగేది కాదనీ నివేదిక చెప్పింది. చదువుతుంటే కడుపు తరుక్కుపోయే వాక్యం అది.

సిగ్నల్ పరికరాలకు మన దేశంలో పరీక్షలు లేవనుకుంటే పొరపాటు. లక్నోలోని రైల్వే పరిశోధనా సంస్థ ఆర్‌డీఎస్‌ఓ పెట్టే నిబంధనలు చాలా కఠినమైనవి. ఎలక్ట్రానిక్ సిగ్నల్ పరికరం ఏదైనా రైల్వేలోకి అడుగుపెట్టాలంటే పొడి వేడి, తేమతో కూడిన వేడి, చలి, దుమ్ము, కుదుపు, కంపనం అన్నిటికీ తట్టుకోవాలి. నెల్లూరు వాళ్లకు బాగా అర్థమయ్యే పరీక్ష ఇంకొకటి ఉంది. పరికరాన్ని గదిలో పెట్టి ఉప్పునీటిని మంచులా చల్లుతారు. ఆ తర్వాత తేమలో ఉంచుతారు. మళ్లీ చల్లుతారు. తుప్పు ఎక్కడ పడుతుందో, ఏ కాంటాక్టు మొరాయిస్తుందో చూస్తారు. వీటన్నిటి పైన భద్రతా స్థాయి ఉంటుంది. ప్రమాదం ముంచుకొస్తే రైలును తనంతట తానే ఆపే కవచ్ వంటి వ్యవస్థకు అందులో అత్యున్నతమైన నాలుగో స్థాయి ఉండాలి. అంటే ప్రమాదకరమైన తప్పు పది కోట్ల గంటల్లో ఒక్కసారికి మించి జరగకూడదు. సుమారు 11 వేల ఏళ్లన్నమాట. కవచ్‌ను మొదట తయారుచేసిన మేధా, హెచ్‌బీఎల్, కెర్నెక్స్ మూడూ హైదరాబాద్ సంస్థలే కావడం, ప్రయాణికుల రైళ్లలో తొలి ప్రయోగాలు 2016లో దక్షిణ మధ్య రైల్వేలోనే జరగడం తెలుగువాళ్లుగా మనకు గర్వకారణం.

కానీ ప్రయోగశాలలో నెగ్గినదాన్ని తెచ్చి పట్టాల పక్కన పాతేశాక దాని మీద రోజూ చేయి వేసేది సిగ్నల్ మెయింటైనర్. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. పాయింటు సంగతి చూడండి. కదిలే పట్టా మొన నుంచి 150 మిల్లీమీటర్ల దూరంలో, దానికీ స్థిరమైన పట్టాకూ మధ్య 5 మిల్లీమీటర్ల మందం గల ఇనుప ముక్క పెట్టి మోటారు తిప్పుతారు. పాయింటు లాక్ కాకూడదు. అమరిందని ప్యానెల్‌కు కబురు పోకూడదు. పోయిందంటే ఆ పాయింటును నమ్మడానికి వీల్లేదు. అమెరికాలో ఇలాంటి పరీక్ష కనీసం నెలకోసారి చేసి తీరాలని చట్టబద్ధమైన నిబంధనే ఉంది. పట్టా మీద రైలుందో లేదో చెప్పే ట్రాక్ సర్క్యూట్‌కైతే రెండు పట్టాలనూ అర ఓమ్ నిరోధంతో కలిపి, రైలు ఉన్నట్టు రిలే పడిపోతోందో లేదో చూస్తారు. కేబుళ్లకు ఏటా మెగ్గర్ పెట్టి ఇన్సులేషన్ కొలుస్తారు.

ఈ పనులు ఎక్కడైనా ఒకటే, నెల్లూరు తీరంలో మాత్రం బరువు ఎక్కువ. ఇక్కడ ఉప్పు రెండు వైపులా కొడుతుంది. కంకరలో తేమా ఉప్పూ బురదా చేరితే కరెంటు ఒక పట్టా నుంచి మరో పట్టాకు కారిపోతుంది. రైలు లేకపోయినా ఉన్నట్టు కనిపించి సిగ్నల్ ఎర్రబడుతుంది. ఇది సురక్షితంగా చెడిపోవడం. రెండోది అలా కాదు. అరుదుగా వాడే లూప్ లైను మీద తుప్పు పొరకట్టిందంటే చక్రాలకూ పట్టాకూ మధ్య కరెంటు సరిగా పారదు. రైలు ఉన్నా లేనట్టు కనిపించే ప్రమాదం ఉంది. అందుకే తీరప్రాంత స్టేషన్ల లూప్ లైన్లకు లోపలి ప్రాంతాలకంటే తరచుగా పరీక్ష జరగాలి.

వరదలు మరో బాధ. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు నెల్లూరు, పడుగుపాడు మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి రైళ్లు ఆగిపోయాయి. పట్టా మళ్లీ వేస్తే అందరికీ కనిపిస్తుంది, నీళ్లలో నానిన కేబుల్ కనిపించదు. జాయింట్లలోకి చేరిన తేమ ఆరు నెలలకో ఏడాదికో బయటపడవచ్చు. నీళ్లు తీసిన వెంటనే ఒకసారి, వేసవి తర్వాత మరోసారి ఇన్సులేషన్ కొలిచి, రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఏడాదికోసారి అన్న మామూలు గడువు మునిగిన కేబుల్‌కు సరిపోదు.

సురక్షితంగా చెడిపోతే చాలదా అంటే చాలదని ఉత్తరాంధ్ర చెప్పింది. 2023 అక్టోబరు 29న కంటకాపల్లి, అలమండ మధ్య రాయగడ ప్యాసింజరు ముందున్న పలాస ప్యాసింజరును వెనకనుంచి గుద్దింది. కనీసం 14 మంది పోయారు. ఆ దారిలో రెండు ఆటోమేటిక్ సిగ్నళ్లు పనిచేయడం లేదు. అలాంటి చోట రెండు నిమిషాలు ఆగి, గంటకు 10 కిలోమీటర్ల వేగంతో వెళ్లాలన్న నిబంధనను సిబ్బంది పాటించలేదని రైల్వే ప్రాథమిక విచారణ అంది. సిబ్బంది తప్పు సరే, ఆ తప్పుకు చోటిచ్చింది చెడిపోయిన సిగ్నళ్లే. ఎర్రదీపం మాటిమాటికీ ఉత్తదే అని తేలుతుంటే ఎంత నిష్ఠగల లోకో పైలటుకైనా దాని మీద భయం తగ్గుతుంది. ఇలాంటి చోట కవచ్ రైలును ఆపగలదు. పాయింట్లనూ సిగ్నళ్లనూ ముడివేసే ఇంటర్‌లాకింగే అబద్ధం చెబితే మాత్రం కవచ్ చేయగలిగింది తక్కువ. సిగ్నల్ పచ్చగా ఉందో ఎర్రగా ఉందో అది తెలుసుకునేది ఇంటర్‌లాకింగ్ నుంచే.

మన నెల్లూరుకు ఈ చర్చ ఇప్పుడే ఎందుకంటే, విజయవాడ నుంచి గూడూరు దాకా సుమారు 288 కిలోమీటర్ల మూడో లైను ముక్కముక్కలుగా పూర్తవుతూ వస్తోంది. కొత్త లైను కలిసిన ప్రతి స్టేషన్లోనూ యార్డు మారుతుంది. పాయింట్లు, రిలే గదిలో వైర్లు మారతాయి. వందే భారత్‌లు నడిచే, 2022 నుంచి గంటకు 130 కిలోమీటర్ల వేగానికి అనుమతి ఉన్న దారి ఇది. వెంకటాచలం దగ్గర కృష్ణపట్నం బొగ్గు రైళ్లూ వచ్చి కలుస్తాయి. వైరు విప్పడానికి స్టేషన్ మాస్టర్ చేత డిస్కనెక్షన్ మెమో మీద సంతకం పెట్టించుకోవాలి, మళ్లీ పరీక్షించాకే రీకనెక్షన్ ఇవ్వాలి. కాగితం మీద ఇందులో లోపం లేదు. ఇంత రద్దీలో పనికోసం రైళ్లు ఆపి ఇచ్చిన గంట, గంటన్నర బ్లాకు కరిగిపోతుంటే, అవతల రైళ్లు నిలబడి ఉంటే, కంట్రోలు నుంచి ఫోన్లు మోగుతుంటే ముందుగా కోతపడేది పరీక్షకే.

పరీక్ష తప్పితే ఏమవుతుందో చూడండి. 1988 డిసెంబరు 12న లండన్ క్లాపమ్ జంక్షన్ దగ్గర 35 మందిని చంపింది ఒక్క వైరు. కొత్త సిగ్నల్ పెట్టినప్పుడు పాత వైరును ఒక కొసన విప్పి, కత్తిరించకుండా, టేపు చుట్టకుండా వదిలేశారు. అది తిరిగి పాత చోటికి తగిలి సిగ్నల్‌ను ఎర్రబడకుండా ఆపింది. ఆ పని చేసిన టెక్నీషియన్ 13 వారాల్లో ఒక్కరోజే సెలవు తీసుకున్నాడని ఆంథనీ హిడెన్ విచారణ బయటపెట్టింది. పని చేసినవాడు కాకుండా మరొకరు వైర్లు లెక్కపెట్టి ఉంటే దొరికిపోయే తప్పు. ఆ తర్వాత బ్రిటన్‌లో సిగ్నల్ పరీక్షకులకు విడిగా లైసెన్సులు వచ్చాయి.

మన దగ్గర రిలే గదులకు రెండు తాళాలు వేయమని బాహానగా తర్వాత ఆదేశించారు. మంచిదే. గూడూరుకు ఇటు విజయవాడ డివిజన్, అటు చెన్నై డివిజన్ కలిసి ఇంకో మూడు పనులు చేయాలి. మూడో లైను కలిసే ప్రతి స్టేషన్లో వైరింగ్ చేసిన బృందంతో సంబంధం లేని బృందం చేత పాయింటు నుంచి సిగ్నల్ దాకా పూర్తి పరీక్ష చేయించాలి. దానికి పట్టే గంటలను పని బ్లాకులో కలపకుండా విడిగా ఇవ్వాలి. ఈశాన్య రుతుపవనాలు దిగేలోగా, అంటే అక్టోబరుకు ముందే, కావలి నుంచి సూళ్లూరుపేట దాకా కేబుళ్ల ఇన్సులేషన్ కొలతలు పూర్తిచేసి, ఏ స్టేషన్లో ఎంత వచ్చిందో ప్రజల ముందు పెట్టాలి.