ఆ మెనూ రాసింది నేనే

గతవారం ఆఫీసులో ఒక చిన్న విషయం జరిగింది. చిన్నదే అనుకున్నా గానీ, రాయదుర్గంలో మెట్రో ఎక్కి ఇంటికి చేరేదాకా బుర్రలో అదే తిరిగింది.

మా టీంలో కొత్తగా చేరిన టెస్టరు ఒకతను ఉన్నాడు. చూపు లేదు. చెవికి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, స్క్రీన్ రీడర్ చదువుతుంటే వింటూ కీబోర్డుతోనే పని చేస్తాడు. ఆ వేగం చూస్తే మనకి సిగ్గేస్తుంది. ఆ రోజు నా సీటు దగ్గరకొచ్చి, "అన్నా, కొంచెం నా లీవ్ అప్లై చేస్తావా?" అన్నాడు.

"నువ్వే పెట్టుకోవచ్చు కదా!"

"మెనూ తెరుచుకోదన్నా. అసలు అక్కడ మెనూ ఉందని కూడా నాకు చెప్పట్లేదు."

ఆర్నెల్లుగా ప్రతి సెలవుకీ ఎవరో ఒకర్ని బతిమాలుకుంటున్నాడట. ఆ మెనూ రాసింది నేనే, నాలుగేళ్ళ కింద, ఒక శుక్రవారం సాయంత్రం.

ఏం రాశానంటారా? మనందరం రాసేదే. ఒక డివ్, దాంట్లో మూడు గీతల బొమ్మ, దానికో ఆన్‌క్లిక్. మౌస్‌తో నొక్కితే భేషుగ్గా తెరుచుకుంటుంది. కోడ్ రివ్యూలో ఎవరూ నోరెత్తలేదు. కానీ డివ్ అంటే ఉత్త డబ్బా. ట్యాబ్ కీ దాని మీద ఆగదు, ఎంటర్ కొడితే పలకదు. బొమ్మకి పేరు కూడా పెట్టలేదు కాబట్టి స్క్రీన్ రీడర్‌కి చదవడానికి అక్కడ ఏమీ లేదు.

డివ్ తీసేసి అసలైన బటన్ పెట్టాను. ట్యాబ్, ఎంటర్, స్పేస్ అన్నీ బ్రౌజరే చూసుకుంటుంది, నయాపైసా ఖర్చు లేదు. దానికి "మెనూ" అని పేరు, ఏరియా-ఎక్స్‌పాండెడ్ అనే గుణం ఇచ్చాను. మూసి ఉంటే ఫాల్స్, తెరిస్తే ట్రూ. ఎస్కేప్ కొడితే మూసుకుని, ఫోకస్ మళ్ళీ బటన్ మీదకే రావాలి. ఇదంతా అరగంట పని. అదీ బద్ధకమైతే డీటెయిల్స్, సమ్మరీ ట్యాగులున్నాయి, 2020 నుంచి ముఖ్యమైన బ్రౌజర్లన్నిట్లో పనిచేస్తున్నాయి. కాకపోతే ఎస్కేప్ సంగతి మనమే రాసుకోవాలి. అన్నట్టు, అత్యుత్సాహంతో రోల్ దగ్గర మెనూ అని రాయకండి. అలా రాస్తే బాణం కీలతో కదులుతుందని మాటిచ్చినట్టే. మామూలు లింకులకి అది అక్కర్లేదు.

"మౌస్ పెట్టగానే జారే మెనూ అందంగా ఉంటుంది కదా" అంటారు కొందరు. నాకూ ఆ మోజుండేది. 2003లో ఎ లిస్ట్ అపార్ట్‌లో వచ్చిన సకర్‌ఫిష్ డ్రాప్‌డౌన్స్ చూసి నేర్చుకున్న తరం మాది. ఐఈ6కి లింకుల మీద తప్ప హోవర్ తెలీదు, దానికోసం విడిగా జావాస్క్రిప్ట్ అతికించేవాళ్ళం. ఇప్పుడు చేతిలో ఫోనుంది. వేలుని గాల్లో ఆపితే ఏ మెనూ తెరుచుకుంటుంది చెప్పండి?

తెలుగు మెనూలది ఇంకో బాధ. ఇంగ్లీషు అక్షరాలకి సరిపోయేలా ఎత్తు బిగించేస్తాం. తీరా "ఉత్తర్వులు" అని పెడితే కింది వత్తులు తెగిపోతాయి. ఎత్తు బిగించకుండా వదిలేసి, లైన్-హైట్ కాస్త పెంచితే చాలు.

ఇవన్నీ చెప్తే మీటింగులో వచ్చే జవాబొకటే: "క్లయింట్ అడగలేదు కదా". 2016 వికలాంగుల హక్కుల చట్టం అడిగింది. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు, డిజిటల్ సేవలు అందుబాటులో ఉండడం 21వ అధికరణం కింద జీవించే హక్కులో భాగమేనని చెప్పింది. అయినా కోర్టు దాకా ఎందుకు, డెమోకి ముందు ఒక్కసారి మౌస్ పక్కనపెట్టి మన పేజీ మనం వాడి చూస్తే తెలిసిపోదూ? నాలుగేళ్ళలో నేను ఒక్కసారీ చూడలేదు.

మార్చిన కోడ్ సోమవారం పైకెళ్ళింది. కబురు పెట్టిన పది నిమిషాలకే అతను మళ్ళీ వచ్చాడు.

"మెనూ తెరుచుకుందన్నా, థాంక్స్. లోపల క్యాలెండరు మాత్రం తేదీ తీసుకోవట్లేదు. అదెవరు రాశారు?"

అదీ నేనే.